నెమలి భయం, చిరుత భయం

ఆయన పోయాడని లింగయ్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నందికొండలో మా క్వార్టర్ వెనక బట్టలు ఆరేస్తున్నాను. "పెద్దమనిషి పోయిండు మేడం. తెల్లారంగనె మేకల కాడ కూలబడ్డడు. నీకు చెప్పాలె అనిపించింది" అన్నాడు. చెప్పాలనిపించింది లింగయ్యకే గాని ఆ ఇంటివాళ్లకు కాదని ఇద్దరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు. తడిబట్టలు అలాగే బకెట్లో వదిలేసి బయలుదేరాను.

దేవరకొండ మీదుగా అచ్చంపేట, అక్కడి నుంచి కొల్లాపూర్. బస్సులు మారుతూ దారి పొడుగునా ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముఖం రాలేదు, చెయ్యి వచ్చింది. ఎడమచెయ్యి. భుజం ఎత్తుకు లేచి, అరచెయ్యి వెనక్కి తిరిగి, వేళ్లు కొంచెం విడివిడిగా. ఆ చెయ్యి లేచిందంటే వెనక వస్తున్న మేకలు సైతం నిలబడిపోయేవి. మేకలు ఆగడం నేను కళ్లారా చూశాను. చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

నేను మగ్గాల ఇంటి పిల్లను. నల్లగొండ దగ్గర మా ఊళ్లో పగలంతా ఏదో ఒక ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే చదువుకుని, తెలంగాణ వచ్చాక జరిగిన నియామకాల్లో బీట్ ఆఫీసర్ ఉద్యోగం తెచ్చుకున్నాను. మొదటి పోస్టింగు కొల్లాపూర్ వైపు, నల్లమల అంచున ఒక బీటు. అడవి అంటే భయం లేదనుకుని వెళ్లాను. వెళ్లాక తెలిసింది, నన్ను భయపెట్టేది అడవి కాదు, చప్పుడు లేకపోవడం.

రెండో వారమో, మూడో వారమో. పొద్దున ఎనిమిది దాటింది. ఒక్కదాన్నే వాగు వెంట నడుస్తున్నాను. ఎండిన తునికి ఆకులు బూట్ల కింద పెళపెళమంటున్నాయి. ఎదుటి గుట్ట మీద నెమలి అరిచింది. నెమలి అరుపు కొత్తేమీ కాదు కనుక ఆగలేదు. పది అడుగులు వేశాక బండ మీద ఒక ముసలాయన కనిపించాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం పైకెత్తాడు.

ఎందుకు ఆగానో తెలియదు, ఆగాను. నెమలి మళ్లీ అరిచింది, ఈసారి వేరే చెట్టు మీద నుంచి. ఇంకాసేపటికి ఇంకాస్త కింది నుంచి మరో నెమలి. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. నా మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేపడానికి కూడా ధైర్యం చాలలేదు. అలా ఎంతసేపో. చివరికి ఆయన చెయ్యి దించి అన్నాడు:

"ఇగ పో బిడ్డా. అది దాటింది."

"ఏది?"

జవాబు చెప్పకుండా బండ దిగి వచ్చి, వాగు మలుపు దగ్గర తడి ఇసుకను కర్రతో చూపించాడు. అడుగులు. చిరుతవి. అంచులు ఇంకా విరగలేదు. ఒక దాంట్లోకి నీళ్లు అప్పుడే ఊరుతున్నాయి. నేను ఆగకపోతే సరిగ్గా అది దాటే వేళకు ఆ మలుపులో ఉండేదాన్ని.

"నెమలి అరుపు నువ్వు గుడ విన్నవు గద. ఎందుకు నిలవడలే?" అన్నాడు.

"రోజూ అరుస్తయి కదా, తాతా."

"వానకు అరిచేది వేరు, దాన్ని చూసి అరిచేది వేరు. వానకు అరిస్తే గొంతు సాగుతది. దాన్ని చూస్తే గొంతు విరుగుతది. జర చెవు పెట్టు." అని తన చెవి తమ్మె పట్టుకుని ఒకసారి కిందికి లాగాడు. అది ఆయన అలవాటు. మాట అయిపోయిందని గుర్తు.

ఆ తర్వాత మూడేళ్లు, వారంలో రెండు మూడు పొద్దులైనా ఆయన వెనక నడిచాను. డ్యూటీ అని రాసుకునేదాన్ని. నిజానికి అది చదువు.

అడవిలో ఉన్నంతసేపు చిరుతను చిరుత అనేవాడు కాదు. "మచ్చలది" అనేవాడు, లేకపోతే ఊరికే "అది". నెమలికి మాత్రం ఆ మర్యాద లేదు. "నెమిలి" అని గట్టిగానే అనేవాడు, ఒక్కోసారి తిట్టేవాడు కూడా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడడం ఆయనకు ఎప్పుడు పట్టుబడిందో గాని, సద్ది విప్పుకుని కూర్చున్నాడంటే అదే ముచ్చట. "రెండిటికి బండలంటెనె పానం. ఎండ కాగే బండ మీద నెమిలి ఈకలు ఆరవెట్టుకుంటది, ఎండ దిగినంక అదే బండ మీద మచ్చలది పండుకుంటది. నెమిలి నిన్న వచ్చిన జాగకే ఈయాల గుడ వస్తది. మచ్చలది నిన్న వచ్చిన జాగకు ఈయాల రాదు. నెమిలి కండ్లతోని బతుకుతది, అది చెవులతోని బతుకుతది."

"పిల్లల కాడనో?" అని అడిగాను ఒకసారి.

రొట్టె ముక్క తొక్కులో అద్దుతూ ఆలోచించాడు. "పిల్లల కాడ రెండు ఒక్కటే బిడ్డా. గుడ్ల మీద కూసున్న నెమిలి పక్కపొంటి నేను నడిసి పోయిన. కిక్కురుమనలే. అంత నోరున్నది గుడ పిల్లల కాడ నోరు మూసుకుంటది."

మా పుస్తకాల్లో రెండూ ఒకే జాబితాలో, చట్టం ఎక్కువగా కాపాడే జంతువుల వరుసలో ఉంటాయని చెప్పాను. నవ్వాడు. "ఒకటి నా కొడుకు చేన్ల పల్లిగింజలు తవ్వి తింటది. ఒకటి నా మేకలను తింటది. మీ కాగితంల రెండిటికి ఒక్కటే కుర్చీ. మంచిగుంది."

కొడుకు పేరు మల్లేశు. ముప్పయ్యేళ్లుంటాయి. అడవి అంచున రెండెకరాల చేను. పెళ్లాం, చిన్నపాప. తండ్రికి మేకలు ఎంతో అతనికి ఆ చేను అంత. మొదటి ఏడు మక్కజొన్న కంకి పట్టే వేళకు అడవి పందులు వచ్చి సగం చేను దున్నేశాయి. రెండో ఏడు ముప్పాతిక. టీ హోటల్ దగ్గర నేను కనిపిస్తే మర్యాదగానే పలకరించేవాడు గాని, మాటలో సూది ఉండేది.

"మేడం, నెమిలి గింజ తిన్నా దాన్ని కొడితే కేసు. పంది చేను దున్నినా దాన్ని కొడితే కేసు. మా మీద కేసు గానిది ఏదన్న ఉన్నదా అడివిల?"

నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకోమనేదాన్ని. పక్కన బల్ల మీద తండ్రి చెవి తమ్మె లాక్కుంటూ కూర్చునేవాడు. ఇద్దరి మధ్య జరగాల్సిన తగాదా నా ముందు జరగకుండా అలా ఆగిపోయేది.

ఒకసారి మా ఆఫీసు వాళ్లు బడిలో పిల్లలకు అడవి గురించి చెప్పమన్నారు. నేను ఆయన్ని తీసుకెళ్లాను. ఉతికిన తెల్ల అంగీ వేసుకొచ్చాడు. పంతులు పిలిచేదాకా గడప లోపల అడుగు పెట్టలేదు. పిల్లల ముందు నిలబడి ఒకటే అడిగాడు: "నెమిలి, చిర్త. రెండిట్ల ఏది ఎక్కువ భయపడ్తది?"

తరగతంతా ఒక్క గొంతుతో "నెమిలి" అంది.

"కాదు. చిర్త" అన్నాడు. బడి అడవి కాదు గనక పేరు పెట్టే పిలిచాడు. "నేను మీ అన్నలంత ఉన్నప్పుడు, ఎండకాలం. బండల నడుమ గుంట ఉన్నది, నీళ్లకు వంగిన. దోసిట్ల పట్టి తల లేపిన. ఎదురుంగ అది తాగుతున్నది. నాకు దానికి నడుమ మంచమంత దూరం. నేను అరిచిన. మా ఊరు ఇనవడేటట్టు అరిచిన. నా భయం అరుపుల పోయింది. అది అరవలే. మీసాల మీది నీళ్లు కారుతున్నయి, కడుపు ఎగురుతున్నది, కండ్లు నా మీదనే. గట్లనే ఎనకకు, ఎనకకు పోయింది. మర్నాడు నేను అదే గుంటకు పోయి నీళ్లు తాగిన. అది మూడు దినాలు రాలే. అడుగులు చూసిన గద. మరి ఎవలు ఎక్కువ భయపడ్డట్టు?"

ఒక చిన్నపిల్ల లేచింది. "భయమైతే మరి మేకలను ఎట్ల తింటది తాతా?"

"ఆకలైతే నువ్వు చీకట్ల వంటింట్లకు పోవా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నెమిలి భయం నోట్ల నుంచి ఎల్లిపోతది. జరసేపటికి మల్ల గింజలు ఏరుకుంటది. చిర్త భయం బయటికి రాదు. లోపల్నే తిరుగుతది. అందుకనే దాన్ని చూస్తే ఉరకొద్దు, రాయి ఎయ్యొద్దు. దాని లోపల ఎంతున్నదో మనకు ఎరుక లేదు."

ఆ ఎండాకాలమే చిరుత ఆయన దొడ్డి దూకి పెద్ద మేకపోతును ఎత్తుకుపోయింది. సగం తిన్న కళేబరం వాగు ఒడ్డున దొరికింది. చిరుత మళ్లీ తినడానికి వస్తే చచ్చేలా దాని మీద పురుగుమందు చల్లుదామని నలుగురు డబ్బా పట్టుకుని వెళ్లారు, అందులో మల్లేశు ఒకడు. ఆయన వాళ్లకంటే ముందే వెళ్లి దాని పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చుని, వాళ్లు విసిగి వెళ్లాక ఇంటికొచ్చాడు. "పోయింది నీ పోతు కాదా" అని నేను అడిగితే, "నాదే. అందుకనే నేను కూసున్న" అన్నాడు. మల్లేశు ఆ రాత్రి అన్నం తినలేదని కోడలు తర్వాత చెప్పింది.

ఇక ఆ రోజు.

పొద్దున ఆరున్నరకు లింగయ్య ఫోన్ చేశాడు. లింగయ్య చెంచు మనిషి, మల్లేశు చేనుకు ఆనుకుని అతనిది ఎకరం చేను. "మేడం, మా కంచె కాడ చిర్త చిక్కింది. జల్ది రా."

నేను వెళ్లేసరికి నలభై యాభై మంది ఉన్నారు. మల్లేశు చేను వైపు కంచెలో పందులు దూరే సందు ఒకటి ఉంది. ఆ సందులో ఎవరో తీగతో ఉచ్చు పన్నారు. పందికి పన్నింది చిరుత నడుముకు బిగిసింది. తీగ రెండో కొస తుమ్మ మొద్దుకు కట్టి ఉంది. అది చుట్టూ తిరిగి తిరిగి మట్టిని గుండ్రంగా చెక్కేసింది. పొట్ట కింద తీగ దిగిన చోట నెత్తురు. అయినా అరవడం లేదు. గట్టు మీద, మోదుగ చెట్ల మీద నెమళ్లు మాత్రం గొంతులు విరిగేలా అరుస్తున్నాయి.

పై అధికారికి ఫోన్ చేశాను. మత్తుమందు తుపాకీ వాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి, పగటికి, పన్నెండింటికి గాని చేరరు. అప్పటిదాకా జనాన్ని ఆపమన్నారు. ఆపడానికి నేను ఒక్కదాన్ని. నా గొంతు నాకే వినపడటం లేదు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఎవరో రాయి విసిరారు.

అప్పుడు ఆయన వచ్చాడు. దూరం నుంచే నిలబడి చూశాడు. చిరుతను చూస్తున్నాడనుకున్నాను. తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంటే అర్థమైంది, ఆయన చూసింది తీగను. చాలాసేపు చూసి, నా దగ్గరికొచ్చి అడిగాడు.

"మీవోళ్లు ఎప్పుడొస్తరు?"

"పగటికి."

"అందాక పానం నిలవాలంటే దానికి మనుషులు కనవడొద్దు. పరదా కట్టాలె. ఇండ్లల్ల పట్టాలు, చద్దర్లు ఉంటే తెమ్మను."

ఆడవాళ్లు పరిగెత్తి వడ్లు ఆరబోసే పట్టాలు తెచ్చారు. నేను, లింగయ్య, ఇంకో ఇద్దరం కర్రలు పాతి మూడు వైపులా కట్టాం. పట్టాకు అవతల దాని ఊపిరి వినిపిస్తోంది. ఆయన పట్టాకు ముందు, జనానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వెనక పది అడుగుల్లో చిరుత. ముందర ఊరు.

తొమ్మిది దాటాక ఒకడు వీడియో కోసం వెనకవైపు నుంచి వెళ్లాడు. అది ఎగిరింది. తీగ చువ్వుమని సాగి మొద్దు కదిలింది. జనం ఒక్కసారిగా పరుగు. ఒకామె కిందపడింది, ఆమె మీద ఇంకొకరు. నేను కూడా నాలుగడుగులు పరిగెత్తాను, దాచను. ఆయన కూర్చున్నచోటనే ఉన్నాడు. గొంతు పెంచకుండా, పక్కవాడితో చెప్పినట్టు అన్నాడు:

"ఉరకకుండి. మీరు ఉరికితే అది గుడ ఉరుకుతది. తీగ తెగితే ఎటు పోతదో ఎరుకనా? నిలవడుండి."

నిలబడ్డారు. మొద్దు నిలబడింది. తీగ కూడా.

ఎండ ముదిరింది. నెమళ్లు అరిచి అరిచి ఊరుకున్నాయి. ఒకటి గట్టు దిగి, జనాన్ని పట్టించుకోకుండా, మల్లేశు చేన్లో గింజలు ఏరుకోసాగింది. పట్టా సందు నుంచి చూశాను. చిరుత పొట్ట ఇంకా అలాగే ఎగిరెగిరి పడుతోంది. మూడు గంటల కిందట ఎలా ఉందో అలాగే. ఆయన బడిలో చెప్పిన మాట నేను అప్పుడు నమ్మాను.

ఒక సంగతి అప్పుడు గమనించి కూడా పట్టించుకోలేదు. ఆయన జనంలోకి చూస్తూ ఎవరినో వెతుకుతున్నాడు. ఊరు ఊరంతా ఉంది. మల్లేశు లేడు.

పన్నెండుకు బృందం, దానితో పాటు పై అధికారి వచ్చారు. సూది తగిలాక పది నిమిషాలకు అది తల వాల్చింది. తీగ కత్తిరించి, గాయానికి మందు రాసి, బోనులోకి ఎత్తారు. నిద్రలో పడున్న దాన్ని చూసి ఒకామె "గింతనే ఉన్నదా" అంది. గాయం లోతుగా లేదని, నడుము విరగలేదని డాక్టరు చెప్పాడు. కొన్ని వారాల తర్వాత దాన్ని లోపలి అడవిలో వదిలిపెట్టారు. ఆ పూటకు మాత్రం అది బతుకుతుందన్న మాట వినగానే నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

అప్పటికే పై అధికారి కంచె చూస్తున్నాడు. "ఈ చేను ఎవరిది?"

లింగయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఉచ్చు నువ్వే పెట్టినవా?"

లింగయ్య తల అడ్డంగా ఊపాడు. అతని భార్య "మేం పెట్టలే సారూ, ఫోన్ చేసిందె మావోడు" అంటోంది. అడవిలో ఏది జరిగినా ముందు చెంచువాళ్లనే అడగడం ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అధికారి చెడ్డవాడు కాదు. పొద్దటి నుంచి పరుగుల మీద ఉన్నాడు, పై నుంచి ఫోన్లు వస్తున్నాయి, సాయంత్రానికి ఒక పేరు కావాలి. "పంచనామా రాయమ్మా. చేను ఇతనిది, కంచె ఇతనిది. జీపు ఎక్కించండి" అన్నాడు.

ఫోన్ చేసింది లింగయ్యే అని నేను చెప్పాను. "తప్పు చేసినోడే ముందు ఫోన్ చేస్తడు" అన్నాడాయన. నేను కాగితం తీశాను. ఊరు పేరు రాశాను. లింగయ్య తండ్రి పేరు అడిగి రాశాను. ఊళ్లో ఒక్కరు నోరు విప్పలేదు. లింగయ్య ఒక కాలు జీపు మెట్టు మీద పెట్టాడు.

ఆయన లేచాడు. పొద్దటి నుంచి నేల మీద కూర్చుని కాళ్లు పట్టేసినట్టున్నాయి, కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. అధికారి వైపు చూడలేదు. నా దగ్గరికే వచ్చాడు.

"రాసుడు ఆపు బిడ్డా. గా తీగ మల్లేశుది."

"ఎవరిది?" అన్నాను.

"మల్లేశుది. నా కొడుకుది. లింగయ్యకు ఎరుక లేదు."

కోడలు పాపను చంకనేసుకుని అక్కడే ఉంది. ఆమె ముఖం నేను చూడలేదు, చూడలేకపోయాను. లింగయ్య కాలు మెట్టు మీద నుంచి దించాడు. నేను రాసిన పేరు కొట్టేసి, కింద కొత్త పేరు రాశాను. తండ్రి పేరు రాయాల్సిన చోట ఆయన పేరు రాస్తుంటే ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

మల్లేశును ఆ సాయంత్రం కొల్లాపూర్‌లో పట్టుకున్నారు. రెండు నెలలు జైల్లో ఉన్నాడు. కేసు ఆ తర్వాత ఏళ్లపాటు నడిచింది.

ఆయన్ని ఆ రోజు నుంచి మేకల కొట్టంలోకి మార్చారు. మార్చారని ఎవరూ అనలేదు. కోడలు అన్నం కంచం అక్కడికి తెచ్చి పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. నేను వెళ్తే లేచి గొంగడి పరిచేవాడు. పిట్టల ముచ్చట అప్పటికీ చెప్పేవాడు గాని తగ్గింది. ఒక మాట మొదలుపెట్టి, మధ్యలోనే చెవి తమ్మె లాగేసుకునేవాడు.

ఒకసారి బస్సులో కనిపించాడు. ఒళ్లో సంచి. అందులో ఇస్త్రీ చేసిన అంగీ, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. జైలుకు, ములాఖత్‌కు వెళ్తున్నాడు. ప్రతి వారం వెళ్తున్నాడట. కొడుకు మాత్రం ఆయన్ని చూడడానికి బయటికి రావడం లేదట. సంచి గేటు దగ్గర ఇచ్చి తిరిగి రావడమే.

"కోపం తగ్గుతది తాతా" అన్నాను, ఇంకేం అనాలో తెలియక.

"కోపం ఫికర్ లేదు బిడ్డా. వాడు నా మీద ఒక్కసారి అరిస్తే బాగుండు" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "అరుస్తలేడు."

బెయిలు మీద వచ్చాక కూడా మల్లేశు అరవలేదు. మాట్లాడనూ లేదు. ఒకే వాకిట్లో ఒకరు లేచే వేళకు ఒకరు లేకుండా బతికారు. నాకు బదిలీ వచ్చింది. చెప్పిపోదామని వెళ్తే ఆయన మేకలు తోలుకుని వెళ్లిపోయాడు. గుట్ట దాకా వెళ్లి వెతికాను, దొరకలేదు. అంతే. మళ్లీ చూడలేదు.

నేను ఊరు చేరేసరికి మూడయింది. మట్టి చేసి వచ్చేశారు. లింగయ్య బస్సు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. బొంద తీసిన మట్టి ఇంకా అతని మోకాళ్లకు అంటి ఉంది. "ఇంటికి పోతవా మేడం?" అని సందేహంగా అడిగాడు. పోతానన్నాను.

వాకిట్లో ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేశారు. కోడలు తల దించుకుంది. మల్లేశు స్నానం చేసి తడి తువ్వాలతోనే కొట్టం ముందు బండ మీద కూర్చున్నాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. పొమ్మంటే పోదామని నిలబడ్డాను. అతను కొంచెం పక్కకు జరిగి జాగా ఇచ్చాడు.

దొడ్లో మేకలు పొద్దటి నుంచి కట్టేసి ఉన్నాయి, ఆగకుండా అరుస్తున్నాయి.

"ఒక్కటి అడుగుత మేడం" అన్నాడు చివరికి. "ఆ దినం నేను లేను గద. అందరు తలా ఒకతీర్గ చెప్పిన్రు. మా బాపు నా పేరు ఎట్ల చెప్పిండు?"

నేను ఆలోచించి చెప్పాలనుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "లింగయ్య జీపు ఎక్కుతున్నడు. లేచి నా దగ్గరికి వచ్చిండు. తీగ మల్లేశుది అన్నడు. నేను ఎవరిది అని మల్ల అడిగిన."

"ఇనవడలేదా?"

"ఇనవడ్డది. మాట మార్చుకుంటడేమో అని అడిగిన. తెల్వదు అన్నా, ఇంకెవరి పేరు చెప్పినా, అదే రాసేదాన్ని. ఆ మాట ఇప్పటిదాక ఎవరికీ చెప్పలే."

మల్లేశు నా వైపు తిరిగాడు. "అయినా మల్ల నా పేరే చెప్పిండా?"

"నీ పేరే చెప్పిండు. నా కొడుకుది అన్నడు."

అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తువ్వాల ముఖం మీదే ఉంచి మాట్లాడాడు.

"నన్ను గుడ రెండుసార్లు అడిగిండు మేడం. రెండు దినాల ముందు కొట్టంల తీగ చూసి, గిదేంది, పారెయ్యి అన్నడు. మర్నాడు అడిగిండు, పారేసినవా అని. పారేసిన అన్న. నమ్మలే అనుకుంట. బువ్వ తినేటప్పుడు మల్ల అడిగిండు. పారేసిన బాపూ అన్న."

అప్పుడు అరిచాడు. మాట కాదు, ఊరికే అరుపు. వాకిట్లో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. కోడలు పరిగెత్తుకొచ్చి కాస్త దూరంలోనే ఆగిపోయింది. లింగయ్య వచ్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆ తర్వాత అతను లేచి, మేకలకు నీళ్లు పెట్టాలని బకెట్లు తీశాడు. ఒకటి నేను అందుకున్నాను.